వడియాల మీద మోచేతులు

"అంత గురి ఆ పిల్లకే ఉందండీ" అన్న మాట ఆ పొద్దున మూడోసారి వినపడేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. మొదట పాలు పోసే ఆయన అన్నాడు. తర్వాత నా ఆఫీసు కింద జిరాక్స్ షాపాయన అన్నాడు. ఇప్పుడు రైఫిల్ క్లబ్ సెక్రటరీ సత్యదేవ్, ఏసీ గదిలో కాలు మీద కాలేసుకుని, చిన్నపిల్లలకి చెప్పినట్టు నిదానంగా నాకు అదే చెబుతున్నాడు. కోచ్ రఘునాథ్‌ని ఎవరు చంపారో సికింద్రాబాద్‌లో నాకు తప్ప అందరికీ తెలిసిపోయినట్టుంది.

జరిగింది ఇది. మంగళవారం పొద్దున ఏడు గంటలవేళ, మారేడ్‌పల్లిలో తన మూడో అంతస్తు ఫ్లాటు బాల్కనీలో భార్య యామినితో కలిసి కాఫీ తాగుతున్న రఘునాథ్ మెడలో తూటా దిగింది. రోడ్డుకి అవతల అపార్ట్‌మెంటు డాబా మీద ఖాళీ తూటా దొరికింది. అది క్లబ్బులో గుల్నాజ్ అనే అమ్మాయి ప్రాక్టీసు చేసే రైఫిల్‌ది. ఆ అమ్మాయిని రాష్ట్ర జట్టులోంచి తీసేసింది రఘునాథే. తీసేసిన రోజు ఆమె అందరి ముందూ ఆయన మీద అరిచింది కూడా. ఇన్‌స్పెక్టర్ దయాకర్‌కి ఇంకేం కావాలి? ఇవాళ మధ్యాహ్నానికి ప్రెస్ మీట్ పెట్టుకున్నాడు.

ఆ పిల్లకి స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం ఆర్డరు రావాల్సి ఉంది. ఒక్కసారి మొహానికి చున్నీ కప్పి టీవీలో చూపించారంటే, రేపు నిర్దోషి అని తేలినా ఆ ఉద్యోగమూ ఉండదు, చేతికి రైఫిలూ ఇవ్వరు. అందుకే వాళ్ల నాన్న ఇమాం వలి నిన్న వచ్చి నా ఆఫీసులో కూర్చున్నాడు. నా పేరు రాజ్యం. కార్ఖానాలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతాను. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ఇదివరకే ఎవరైనా ఉన్నారా, ఇవీ నా రోజువారీ కేసులు. ఇన్నేళ్లకి ఒక హత్యకేసు వచ్చిందని సంబరపడదామంటే, ఊరంతా కలిసి నాకన్నా ముందే తీర్పు చెప్పేసింది.

సత్యదేవ్ మా గుంటూరు వైపు మనిషే. మర్యాదస్తుడు. టీ తెప్పించాడు, బిస్కెట్లు తెప్పించాడు, అడిగినవాటికన్నీ జవాబు చెప్పాడు. తుపాకుల గదికి రెండు తాళంచెవులున్నాయట. ఒకటి తన దగ్గర, ఒకటి రఘునాథ్ దగ్గర. రఘునాథ్ నమ్మకం కొద్దీ తనది గుల్నాజ్‌కి ఇచ్చేవాడట. సోమవారం సాయంత్రం కూడా అది ఆ పిల్ల దగ్గరే ఉందట. మంగళవారం పొద్దున మీరెక్కడున్నారని అడిగాను. గ్రౌండ్‌లో వాకింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చిందని, తను పరిగెత్తేసరికే రఘునాథ్‌ని ఆస్పత్రికి తీసుకెళ్లిపోయారని చెప్పి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రఘునాథ్ తనకి తమ్ముడిలాంటివాడట. యామిని తనకి ఏటా రాఖీ కడుతుందట. పాపం ఒంటరిదైపోయింది, తనే చూసుకుంటున్నాడట.

"సరే, గురి సంగతి చెప్పండి" అన్నాను. అదే నా పొరపాటు. ఆయన కుర్చీలో ముందుకి జరిగి పెన్ను రైఫిల్‌లా పట్టుకున్నాడు.

"మీరు తుపాకి పట్టుకుని ఎరగరు కాబట్టి చెబుతున్నాను రాజ్యం గారూ. గురికి కన్ను చురుగ్గా ఉండాలి, ఊపిరి బిగబట్టడం రావాలి, వేలు మెత్తగా నొక్కాలి. ఆ పిల్లకి ఇవన్నీ పుట్టుకతో వచ్చాయి. లేకపోతే మీరే చూడండి. రోడ్డు దాటించి, అంత దూరం నుంచి రఘునాథ్ మెడకి సరిగ్గా కొట్టింది. పక్కనే ఉయ్యాల మీద కూర్చున్న మా యామినికి గోరంత గాయం కాలేదు. గురి అంటే అది."

నేను టీ సగంలో వదిలేసి లేచాను. మీరు ఎరగరు, మీకు తెలీదు అని మొదలుపెట్టే మగాళ్లతో మాట్లాడి మాట్లాడి నాకు బీపీ వచ్చింది. ఆ విసుగులో ఆయన చెప్పిందాంట్లో చెవిన పెట్టుకోవాల్సినది ఒకటి ఉందని కూడా పట్టించుకోలేదు.

ఇమాం వలి కార్ఖానాలో మిలటరీ టైలర్. కొట్టు నిండా ఆలివ్‌గ్రీన్ యూనిఫాంలు వేలాడుతుంటాయి. నేను వెళ్లేసరికి ఆయన ఒకే చొక్కా చేతిని మళ్లీ మళ్లీ ఇస్త్రీ చేస్తున్నాడు. గుల్నాజ్ కట్టింగ్ బల్ల పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ల పిల్ల, పొట్టిగా, గట్టిగా ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

మంగళవారం పొద్దున ఎక్కడున్నావంటే ఇంట్లో నిద్రపోతున్నానంది. సాక్షి ఎవరంటే నాన్న అంది. నాన్న సాక్ష్యం చెల్లదని చెప్పి చెప్పి దయాకర్ ఆ పిల్లని అప్పటికే చాలా ఏడిపించాడు. తాళంచెవి మాత్రం సోమవారం సాయంత్రమే కోచ్ ఇంట్లో ఇచ్చేశానని, ఇచ్చినట్టు చెప్పాల్సిన మనిషే పోయాడని ఆమె అంటే నేను తల పట్టుకున్నాను. ఈ కేసులో ఎటు తిరిగినా గోడే.

"మరి సార్ మీద ఎందుకు అరిచావమ్మా?"

"కోపమొచ్చింది ఆంటీ, అరిచిన. ఇంటికొచ్చి నా వీడియో చూస్కున్న. సార్ చెప్పిందే నిజం, నా పొజిషన్ ఖరాబైంది. మాఫీ అడుగుదామనే సోమవారం పోయిన. సార్ నవ్విండు. మళ్ల పండుకోవుడు నుంచి షురూ చేద్దాం బేటా అన్నడు." ఆ మాట దగ్గర ఆగి చున్నీతో కళ్లు తుడుచుకుంది.

పండుకోవడం ఏమిటని అడిగాను. గురికి కన్ను, ఊపిరి, వేలు కదా ముఖ్యం అని సత్యదేవ్ పాఠం అప్పజెప్పాను. ఆ పిల్ల ఏడుపు ఆపి నావైపు చిరాగ్గా చూసింది. అందరూ అదే మాట అంటారట. పేపరువాళ్లు కూడా కళ్ల ఫోటోలే వేస్తారట. కోచ్ సార్ తనకి ఆరు నెలల పాటు ఒక్క తూటా ఇవ్వలేదట, ఉత్తినే బోర్లా పండుకోబెట్టి లేపేవాడట. చెబితే నాకు అర్థం కాదని ఆమెకి తోచినట్టుంది. బల్ల మీది గుడ్డముక్కలు పక్కకి నెట్టి, ఎక్కి పడుకోమంది.

యాభై నాలుగేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో, పట్టపగలు బజారు మీద కొట్టులో బల్లెక్కి బోర్లా పడుకున్నాను. ఇమాం వలి మొహమాటపడి అటు తిరిగి నిలబడ్డాడు. గుల్నాజ్ బట్ట కొలిచే కర్ర నా చేతుల్లో పెట్టి భుజానికి ఆనించింది. ఎదురుగా వేలాడుతున్న కోటు గుండీకి గురిపెట్టమంది. పెట్టాను. ఇప్పుడు కళ్లు మూసుకుని, చేతులు వదులు చేసి, రెండుసార్లు ఊపిరి పీల్చి వదలమంది. కళ్లు తెరిచేసరికి కర్ర కొస పక్క హ్యాంగర్ మీద ఉంది.

"మీ కన్ను గుండీని చూస్తుంది. మీ ఒళ్లు పక్క హ్యాంగర్‌ని చూస్తుంది" అంది. "మీరు చేతుల బలంతోని కర్రను గుండీ దిక్కు నూకిండ్రు. ట్రిగ్గర్ వత్తేటప్పుడు ఆ బలం సడలుతది. తుపాకి మళ్ల ఒళ్లు దిక్కు మర్లుతది. తూటా గుండీకీ పోదు, హ్యాంగర్‌కీ పోదు. నడుమల యాడనో తగుల్తది."

"మరి గుండీకి తగలాలంటే?"

"చేతులు కాదు ఆంటీ, కడుపు జరపాలె, కాళ్లు జరపాలె. మొత్తం మనిషి జరగాలె. కండ్లు మూసి తెరిస్తే తుపాకి అక్కడనే ఉండాలె. అదొక్కటి వస్తే కన్ను, ఊపిరి, వేలు అన్నీ ఎనక వస్తయి. అది రాకుంటే ఏం వచ్చినా బేకార్."

దిగడానికి ఇద్దరూ నాకు చెరో చెయ్యీ ఇవ్వాల్సి వచ్చింది. కానీ ఆ పొద్దున్నుంచి మొదటిసారి నాకు పనికొచ్చే మాట ఒకటి చెవిన పడింది. పడుకున్న మనిషి నేల మీద ఏదో ఒక గుర్తు వదలాలి కదా అని ఆమెని స్కూటర్ వెనక ఎక్కించుకుని మారేడ్‌పల్లి బయల్దేరాను. ఊరు వదిలి వెళ్లొద్దన్నాడే తప్ప స్కూటరెక్కొద్దని దయాకర్ అనలేదు.

ఆ అపార్ట్‌మెంటులో లిఫ్ట్ పనిచేయడం లేదు. పనిచేస్తే నాకు ఆశ్చర్యంగా ఉండేది. నాలుగంతస్తులూ ఎక్కి డాబా మీదికి చేరేసరికి అక్కడ కాంతమణి గారు గొడుగేసుకుని స్టూలు మీద కాపలా కూర్చుని ఉంది. పై అంతస్తులో ఉంటుంది. భీమవరం నుంచి వచ్చి పాతికేళ్లయినా గొంతు మాత్రం అక్కడి పొలాల్లో పిలుపులకి అలవాటు పడినదే. నేను పేరు చెప్పేలోపే మొదలుపెట్టింది. పోలీసులు వచ్చారు, టేపులు పట్టి కొలిచారు, ఫోటోలు తీశారు, వెళ్లారు, తన వడియాల గతి ఏమిటని ఒక్కడూ అడగలేదట. మంగళవారం పొద్దున్నే లేచి, పిండి ఉడికించి, తడి చీర పరిచి, గరిటెతో వరసగా పెట్టి కిందికి వెళ్లి వచ్చేసరికి ఎవరో వాటి మీద పడి దొర్లేశారట. మూడో అంతస్తు వాళ్ల కుక్కేనని ఆమె నిర్ణయం. ఆ కుక్క యజమాని వచ్చి కళ్లారా చూసి తప్పు ఒప్పుకునేదాకా చీర తియ్యనని అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టి, రెండు రోజులుగా ఎవరినీ ముట్టనివ్వలేదు.

నేను చీర దగ్గర కూలబడ్డాను. పిట్టగోడలో అటువైపు చూసే సిమెంటు జాలీ ఒక్కటే ఉంది, సరిగ్గా దాని ముందే ఆవిడ చీర పరిచింది. దాక్కుని కాల్చాలంటే ఇంకో చోటు లేదు. వచ్చినవాడు గత్యంతరం లేక పచ్చి పిండి మీదే పడుకున్నాడు. రెండు రోజుల ఎండకి ఆ పిండి రాయిలా గట్టిపడిపోయింది. జాలీ దగ్గర రెండు మోచేతుల గుంటలు, వెనక పొట్ట ఆనిన చోట వెడల్పుగా అణిగిపోయిన వడియాలు, అచ్చు పోసినట్టు ఉన్నాయి. ఎడమ గుంట గుండ్రంగా ఉంది. కుడి గుంట మాత్రం కుడిపక్కకి సాగి ఉంది.

"కుక్కకి మోచేతులుంటాయా అండీ?" అన్నాను. కాంతమణి గారు గొడుగు పక్కన పెట్టి వంగి చూసి, మొదటిసారి నోరు మూసుకుంది.

"గుల్నాజ్, ఇందులో పడుకో" అన్నాను. ఆ పిల్ల వెనక్కి తగ్గింది. చచ్చిపోయిన మనిషి మీద తుపాకి పెట్టిన చోటది, తన సార్ మీద. చెయ్యనంది. నీకోసం కాకపోతే ఆయన కోసం చెయ్యమన్నాను. చివరికి చెప్పులు విడిచి, పెదాలు బిగబట్టి, పొట్ట గుర్తులో పొట్ట పెట్టి, గుంటల్లో మోచేతులు ఆనించింది. కొట్లోంచి తెచ్చిన కొలత కర్ర జాలీలోంచి పెట్టింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడింది. ఇన్‌స్పెక్టర్ దయాకర్ ఆయాసపడుతూ పైకి వచ్చాడు. ఏడాది కిందట ఒక తప్పిపోయిన పెళ్లికొడుకుని ఈయన కన్నా ముందు నేను కనిపెట్టినప్పటి నుంచీ, నేను ఎదురైతే ఈయనకి పంటినొప్పి వచ్చినట్టు ఉంటుంది.

"ఏందీ మేడం ఇది? నిందితురాలిని తీస్కొచ్చి స్పాట్‌ల పండవెడ్తున్నరా? ఇంకో గంటల మీడియా వస్తరు నాకు. పరేషాన్ చెయ్యకుండ్రి."

"నువ్వు రెండు రోజుల కిందట చెయ్యాల్సిన పని చేస్తున్నాను దయాకర్. ఈ గుర్తులు చూశావా?"

"చూసిన. వడియాలే గదా."

ఆయనకి జవాబు చెప్పడం దండగ అనిపించింది. గుల్నాజ్‌ని కళ్లు మూసుకోమన్నాను. ఊపిరి పీల్చి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. కళ్లు తెరవకుండానే ఉండమని చెప్పి, నేను ఆమె తల పక్కన మోకాళ్ల మీద వంగి, కర్ర వెంబడి చూశాను.

ఎదురుగా రఘునాథ్ బాల్కనీ. నడుమ ఆయన చెక్క కుర్చీ ఉంది, ఇంకా ఎవరూ తియ్యలేదు. కుడివైపు కొసన ఇనప గొలుసుల ఉయ్యాల. ఎడమవైపు కొస ఖాళీ. కర్ర రఘునాథ్ కుర్చీని చూడటం లేదు. ఆ ఖాళీ చోటుని చూస్తోంది.

దయాకర్‌ని లాగి చూపించాను. ఆయన వంగాడు, చూశాడు, లేచాడు. తూటా గాలికి పక్కకి పోయి ఉంటుందన్నాడు. రోడ్డు వెడల్పంత దూరానికి గాలేమిటని గుల్నాజ్ కళ్లు మూసుకునే అంది. అయితే ఆ పిల్లే పడుకుని ఉంటుందన్నాడు. నాకు ఓపిక చచ్చిపోయింది.

"విను. కాల్చినవాడు వచ్చి పడుకున్నది ఆ ఎడమ కొసన కూర్చునే మనిషి కోసం. ఒళ్లంతా అటే తిప్పి పడుకున్నాడు. తీరా చూస్తే ఆ మనిషి అక్కడ లేదు, కుడివైపు ఎక్కడో ఉంది. లేచి మళ్లీ సరిగ్గా పడుకోవాలి. లేవలేదు. చేతులతో తుపాకిని కుడికి నెట్టాడు, అందుకే కుడి మోచేతి గుంట సాగింది, పొట్ట గుర్తు మాత్రం కదల్లేదు. ట్రిగ్గర్ నొక్కగానే చేతుల బిగువు సడలి తుపాకి మళ్లీ ఎడమకి మళ్లింది. తూటా మధ్యలో తగిలింది. మధ్యలో రఘునాథ్ ఉన్నాడు. ఆయన్ని ఎవరూ చంపాలనుకోలేదు దయాకర్. అది గురి కాదు, గురి తప్పడం. మీరందరూ రెండు రోజులుగా మెచ్చుకుంటున్నది ఒక చేతకానివాడి గురిని."

గుల్నాజ్ లేవకుండానే మెల్లగా అంది. "నేనైతే లేచి మళ్ల పండుకుందును సార్. ఇల్లు కాలుతున్నా గట్లనే చేస్త. చేతులతోని నూకితే కోచ్ సార్ కర్రతోని కొట్టేది."

దయాకర్ మొహం ఎర్రబడింది. ఎడమ కొసన ఎవరు కూర్చుంటారో తెలుసా అని నన్నే అడిగాడు. రిపోర్టులో యామిని 'పక్కనే కూర్చున్నాను' అంది, పక్క కుర్చీలో అని తను రాసుకున్నాడట. ఏ పక్క అని అడగలేదట. ఆరోజు పోలీసులు అక్కడికి చేరేసరికే చుట్టాలు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలన్నీ బాల్కనీలోకి లాగేశారట, ఏది ఎవరి చోటో తెలియలేదట. ఒక్క ప్రశ్న, ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ పిల్ల రెండు రోజులు ఏడ్చేది కాదు. నేను ఫోన్ తీసి యామినికి చేసి, దయాకర్‌కి వినపడేలా స్పీకర్ పెట్టాను.

ఆమె గొంతు నీరసంగా ఉంది. మంగళవారం పొద్దున ఎక్కడ కూర్చున్నావమ్మా అని అడిగాను.

"ఉయ్యాల మీదండీ. రోజూ ఉయ్యాలకి అవతలి కొసన నా పేము కుర్చీలో కూర్చుంటాను. అల్లిక ఊడిపోతే సోమవారం రాత్రి అల్లేవాడికి ఇచ్చేశాం. అందుకని ఆ ఒక్క రోజే ఉయ్యాల మీద కూర్చున్నాను."

దయాకర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తూటా యామిని కోసం వచ్చింది. కాల్చినవాడికి ఆమె రోజూ కూర్చునే చోటు తెలుసు, కుర్చీ రాత్రికి రాత్రి బాగుచేతకి వెళ్లిందని మాత్రం తెలియదు.

"ఉయ్యాల మీద కూర్చున్నట్టు ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ. ఎవరూ అడగలేదు. ఆ మాట తల్చుకోవడానికే నాకు వణుకొస్తోంది."

నా చెవుల్లో ఏసీ గది మాట గిర్రున తిరిగింది. పక్కనే ఉయ్యాల మీద కూర్చున్న మా యామినికి గోరంత గాయం కాలేదు. ఆయన వెళ్లేసరికి రఘునాథ్‌ని ఆస్పత్రికి తీసుకెళ్లిపోయారు. యామిని ఎవరికీ చెప్పలేదు. ఆమె ఉయ్యాల మీద ఉండటం చూసినవాళ్లలో మిగిలింది ఈ జాలీలోంచి చూసినవాడొక్కడే. అంత మాట నా మొహం మీదే అన్నాడు, నేను బిస్కెట్లు చూస్తూ కూర్చున్నాను. నన్ను నేను ఎంత తిట్టుకున్నానో చెప్పలేను.

గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నిస్తూ, నువ్వు నోరు తెరిస్తే ఎవరికైనా ఇబ్బందా అని యామినిని అడిగాను. అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది. తర్వాత ఆమె గొంతు తగ్గించి చెప్పింది. శని ఆదివారాల్లో క్లబ్బు రైఫిల్ ఒకటి ఊరి బయట ఫామ్‌హౌస్‌లకి వేటకి వెళ్తోందట. జీపులో కూర్చుని, లైటు వేసి, అడవి పందుల మీద కాల్చే పార్టీలట. పంపేది సత్యదేవ్. తనూ వెళ్లేవాడట. కమిటీలో యామిని కూడా మెంబరు, ఈ ఆదివారం మీటింగులో చెప్పేస్తానని కిందటి వారమే ఆయనతో అన్నదట.

"కానీ అన్నయ్య తనే ఒప్పుకుంటానన్నారండీ. ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. నా కుర్చీ బాగుచేయించి తెచ్చారు. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదంటే, ఏదో మాత్ర కలిపి పాలు ఇచ్చారు."

"యామినీ, ఆ పాలు" అనేలోపు అవతల నుంచి ఎవరమ్మా ఫోన్‌లో అని మెత్తటి గొంతు వినపడింది. తర్వాత ఫోన్ కట్టయింది.

దయాకర్ మెట్ల వైపు పరిగెత్తాడు. ఆ మనిషిని ఎన్ని అన్నా, ఆ పరుగు మాత్రం నిజమైన పరుగు. కానీ లిఫ్ట్ లేని నాలుగంతస్తులు, ఆ తర్వాత రోడ్డు, మళ్లీ అవతల మూడంతస్తులు.

ఎదురు బాల్కనీ తలుపు తెరుచుకుంది. సత్యదేవ్ పేము కుర్చీ ఎత్తుకొచ్చి ఎడమ కొసన వేసి లోపలికి వెళ్లాడు. యామిని చేతిలో గ్లాసుతో వచ్చి కూర్చుంది. గుల్నాజ్ చేతిలోని కర్ర సరిగ్గా ఆమె మీద ఉంది. నేను అరిచాను. కింద బస్సు హారన్‌లో నా గొంతు నాకే వినపడలేదు. ఫోన్ మళ్లీ మళ్లీ చేశాను, స్విచాఫ్. యామిని గ్లాసు ఊదుకుంటోంది.

నేను కాంతమణి గారి రెండు భుజాలూ పట్టుకున్నాను. "అరవండి. పాలు తాగొద్దని అరవండి."

ఆవిడ ఎందుకని అడగలేదు. చీర కొంగు నడుముకి దోపి, పిట్టగోడ మీదికి వంగి, గుండె నిండా గాలి పీల్చుకుంది.

"యామినీ, ఆ పాలు తాగకే తల్లీ."

ఆ గొంతుకి బజారంతా తల పైకెత్తింది. మూడో అంతస్తు కుక్క మొరగడం మొదలెట్టింది. పెదాల దాకా వెళ్లిన గ్లాసు ఆగింది. యామిని మావైపు చూసింది, చేతిలోని పాలవైపు చూసింది, గ్లాసు మెల్లగా నేల మీద పెట్టింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు ఆమె వెనక సత్యదేవ్ వచ్చి నిలబడ్డాడు. ముందు కాంతమణి గారిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆఖరికి జాలీలోంచి తనవైపు పొడుచుకొచ్చిన కర్రని, దాని వెనక తను పడుకున్న చోటే పడుకున్న గుల్నాజ్‌ని చూశాడు. చాలాసేపు చూశాడు. మొహంలో కోపం గానీ భయం గానీ ఏమీ లేవు. వంగి యామిని చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి లేపాడు. ఆమె గింజుకుంది. ఆయన రెండో చెయ్యి తన చొక్కా వెనక నడుము దగ్గరికి వెళ్లింది, తిరిగి వచ్చినప్పుడు అందులో ఏదో నల్లగా ఉంది. ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది. ఆ వెంటనే కర్టెన్ కూడా పడింది.

కింద దయాకర్ ఇంకా ఇవతలి వైపే, చెయ్యెత్తి ఆటోలని ఆపుకుంటూ ఉన్నాడు.

"గుల్నాజ్, వాడికి గురి లేదు" అన్నాను. ఆ పిల్లకి ధైర్యం చెబుతున్నానో, నాకు నేనే చెప్పుకుంటున్నానో నాకు తెలియలేదు. "నువ్వే చూపించావు కదా, వాడికి కాల్చడం చేతకాదు."

గుల్నాజ్ వడియాల్లోంచి లేచి కూర్చుంది. మోచేతుల నిండా వడియాల అచ్చులు పడి ఉన్నాయి. ఆ మూసిన తలుపు మీంచి చూపు తిప్పలేదు.

"గంత దగ్గరికి గురి అక్కర్లేదు ఆంటీ" అంది.